థర్డ్ డివిజన్ డాక్టరు

రజని మార్కుల కాగితాలు దాచడానికి బంగారమ్మ ఒక రేకు పెట్టె విడిగా పెట్టింది. ఆరో తరగతి నుంచి అన్నీ అందులోనే ఉండేవి. రాయ్‌పూర్‌లో రైల్వే వేగన్లు బాగుచేసే షాపు కాలనీలోని వాళ్ళ క్వార్టరుకు ఎవరొచ్చినా సరే, టీ గ్లాసు చేతికిచ్చిన మరుక్షణం మంచం కింద నుంచి ఆ పెట్టె బయటికి వచ్చేది. భర్త వెంకటస్వామి షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం జిల్లా వదిలి ఇరవై ఏళ్ళు దాటినా ఆయనకొచ్చిన హిందీ సూపర్‌వైజరుతో మాట్లాడేటంత వరకే. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల హిందీ మీడియం బళ్ళో అందర్నీ దాటి ఫస్టు వస్తోందంటే ఆ వరసలోని తెలుగు ఇళ్ళన్నిటికీ గొప్పే.

ఒక్క గోడ అవతల శేషమ్మ క్వార్టరు. ఆమె భర్త నాగబాబు కూడా షాపులోనే ఖలాసీ, బరువులు మోసే పని. కూతురు మహేశ్వరిది రజని వయసే, రజని తరగతే, రజని కూర్చునే బెంచీయే. ఫలితాలు వచ్చిన రోజు శేషమ్మ మొదట రజని దగ్గరికి వచ్చేది.

"నీకెన్నొచ్చాయమ్మా?" అని అడిగి, విని, బుగ్గ నిమిరి, తర్వాత తన ఇంట్లోకి వెళ్ళి గట్టిగా కేకలు పెట్టేది. "ఆ పిల్ల తిన్న తిండే నువ్వూ తింతన్నావు గదే! దానికెలగొచ్చాయి, నీకెలగ రాలేదు?"

గోడ పల్చన. రజనికి అంతా వినపడేది. జాలేసేది. ఆ జాలి తీయగా ఉండేది. కాసేపాగి తనే వెళ్ళి మహేశ్వరిని బయటికి తీసుకొచ్చి, తప్పిన లెక్కలు చేయించేది. మహేశ్వరి అంటే రజనికి ప్రాణం. ఆ ప్రేమకు ఒక షరతు ఉందని అప్పటికి రజనికే తెలియదు.

రెండు వేల మూడులో పన్నెండో తరగతి అయింది. రజనికి ఎనభై మూడు శాతం, మహేశ్వరికి యాభై ఆరు. ఇద్దరూ బయాలజీయే కాబట్టి ఇద్దరూ డాక్టరీ ప్రవేశ పరీక్ష, పీఎంటీ, రాశారు. రజనికి పదకొండు మార్కుల తేడాతో సీటు తప్పింది. కాలనీ అంతా వచ్చి ఓదార్చింది. మహేశ్వరికి ఎంతొచ్చిందో ఎవరూ అడగలేదు.

"మళ్ళీ రాద్దామే. నీకు పక్కా వచ్చేస్తాది," అంది మహేశ్వరి.

"నాకు డాక్టరీ మీద అంత ఇది లేదు. రీసెర్చ్ చేస్తాను," అంది రజని.

అది అబద్ధం. ఒకసారి తప్పితే దురదృష్టం అంటారు. రెండోసారి కూడా తప్పితే ఆ పిల్ల తెలివి అంతేనంటారు. ఆ మాట పడటం కంటే పరీక్ష రాయకపోవడమే మేలనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేకుండా అందరూ నమ్మారు.

ఇద్దరూ ఒకే కాలేజీలో బీఎస్సీ చేరారు. అక్కడ మహేశ్వరి పరిస్థితి ఇంకా దిగజారింది. రెండో ఏడు కెమిస్ట్రీ తప్పి, అక్కడివాళ్ళు పూరక్ అని పిలిచే పరీక్ష మళ్ళీ రాసి గట్టెక్కింది. ఒకరోజు క్యాంటీను బెంచీ మీద కూర్చుని, "మోల్ అంటే అసలు ఏటే?" అని అడిగింది. పదకొండో తరగతి కెమిస్ట్రీలో మొదటి పాఠం అది. రజనికి నవ్వాగలేదు. ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. బంగారమ్మకు మోల్ అంటే ఏమిటో తెలియకపోయినా ఆమె కూడా నవ్వింది.

చివరి ఏడు రజనికి డెబ్బై తొమ్మిది శాతం, కాలేజీలో రెండో స్థానం. మహేశ్వరికి నలభై మూడు. థర్డ్ డివిజన్.

రజని ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరింది. మహేశ్వరిని ఏ ఎమ్మెస్సీ తీసుకోదు. ఆమె ఊళ్ళోనే పండరీలో బట్టల మార్కెట్టు వెనక ఒక రక్తపరీక్షల ల్యాబులో పనికి కుదిరింది. పొద్దున్నే సైకిలు మీద ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసి తెచ్చే పని. సాయంత్రం కాలనీ పిల్లలకు ట్యూషన్. పదకొండో తరగతి పిల్లలు నలుగురైదుగురు నేల మీద బొంత పరుచుకుని కూర్చునేవారు. రజని అప్పుడప్పుడు గోడకు చెవి పెట్టి వినేది. మహేశ్వరి పాఠం చెప్పడం లేదు. ఆ పిల్లలతో కలిసి మొదటి పేజీ నుంచి తనే చదువుకుంటోంది. "ఆగండాగండి, నాకూ తెలీదు, చూద్దాం," అని హిందీలో అంటూ ఉంటే పిల్లలు నవ్వేవారు. గోడ ఇవతల రజని కూడా నవ్వుకునేది.

రెండు వేల ఏడులో మహేశ్వరి పీఎంటీ రాసింది. రాలేదు. ఎనిమిదిలో మళ్ళీ రాసింది.

ఫలితాలొచ్చిన రోజు మహేశ్వరి డ్యూటీలో ఉంది. "నా నంబరు చూడవే, నాకు చేతులొణుకుతాయి," అని హాల్ టికెట్టు రజని చేతిలో పెట్టి పోయింది. రజని స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ షాపుకు వెళ్ళింది. నంబరు కొట్టింది. పేరు వచ్చింది, తండ్రి పేరు వచ్చింది, పక్కన ర్యాంకు వచ్చింది. ఏదో అంకె తప్పు కొట్టాననుకుని మళ్ళీ కొట్టింది. అదే ర్యాంకు. మూడోసారి ఒక్కో అంకె వేలితో చూసుకుంటూ కొట్టింది. వెనక నిలబడ్డ కుర్రాళ్ళు "దీదీ, జల్దీ కరో," అని తొందరపెట్టారు.

సీటు వచ్చే ర్యాంకే అది. రాయ్‌పూర్‌లో రాకపోయినా జగదల్‌పూర్‌లో ఖాయంగా వస్తుంది.

కాలనీ వరకు ఆటోలో రావాల్సినదల్లా రజని నడిచి వచ్చింది. జూన్ ఎండ. మహేశ్వరి సైకిలు ఆపి ఎదురొచ్చింది.

"ఏమైందే? రాలేదా? పర్లేదులే, చెప్పేయ్."

"వచ్చింది," అంది రజని.

మహేశ్వరి రోడ్డు మధ్యలోనే ఆమెను వాటేసుకుని ఏడ్చింది. రజని కూడా ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో ఆమె ఒక్కదానికే తెలుసు.

మర్నాడు తనకు పాఠాలు చెప్పిన ప్రొఫెసరును కలిసి, ఏదో మాటల్లో వచ్చినట్టు అడిగింది. "సార్, బీఎస్సీలో థర్డ్ డివిజన్ వచ్చినవాళ్ళకు మెడికల్ సీటు ఎలా ఇస్తారు?"

"బీఎస్సీ ఎవరు చూస్తారమ్మా? పన్నెండులో యాభై శాతం ఉంటే చాలు. మిగతాది ర్యాంకు," అన్నాడాయన, కాగితాల్లోంచి తలెత్తకుండా.

ఎవరు చూస్తారు! రజనికి కడుపు మండిపోయింది. మూడేళ్ళు చలికాలం పొద్దుల్లో దుప్పటి కప్పుకుని చదివిన చదువంతా ఎవరూ చూడనిదైపోయింది. ఆ రోజు నుంచి మనసులో మహేశ్వరిని పేరుతో పిలవడం మానేసింది. థర్డ్ డివిజన్ డాక్టరు అనుకునేది. పైకి మాత్రం నవ్వుతూ వాళ్ళింట్లో పేడా మిఠాయి పంచిపెట్టింది. శేషమ్మ ఈసారి రజని మార్కులు అడగలేదు. అది కూడా గుచ్చుకుంది.

జూలైలో రజనికి తాము చదివిన కాలేజీలోనే గెస్ట్ లెక్చరరుగా పని దొరికింది. పీరియడుకింత అని ఇస్తారు. చీర కట్టుకుని, పుస్తకం గుండెలకు పట్టుకుని వెళుతుంటే బాగుండేది. కాని కాలనీలో అందరూ మహేశ్వరి కౌన్సెలింగ్ ఎప్పుడనే అడుగుతున్నారు.

కౌన్సెలింగ్ శనివారం పొద్దున్న పది గంటలకు. దానికి ఆరు రోజుల ముందు నాగబాబుకు హెర్నియా ఆపరేషను పడింది. బిలాస్‌పూర్ రైల్వే ఆస్పత్రిలో చేర్చారు. శేషమ్మకు హిందీ రాదు కాబట్టి మహేశ్వరే వెళ్ళాలి. బయల్దేరే ముందు రజని ఇంటికి వచ్చింది.

"నా టీసీ ఇంకా కాలేజీలోనే ఉండిపోయింది. బీఎస్సీ అయ్యాక ఎక్కడా చేరలేదు కదా, తీసుకోలేదు. ఒరిజినల్ లేకపోతే సీటివ్వరంట. నువ్వు రోజూ ఎల్తావు కదే. ఇదిగో, నీకిచ్చెయ్యమని రాసి సంతకం పెట్టాను. నేను శుక్రవారానికి వచ్చెస్తాను."

"నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళు," అంది రజని. అప్పుడు ఆమె మనసులో ఏమీ లేదు. నిజంగానే తెద్దామనుకుంది.

మంగళవారం హెడ్ క్లర్కు ప్రేమ్‌చంద్ బాబు రిజిస్టరులో సంతకం పెట్టించుకుని టీసీ చేతికిచ్చాడు. పచ్చటి కాగితం, గుండ్రటి స్టాంపు. రజని దాన్ని మడత పడకుండా పుస్తకంలో పెట్టి బ్యాగులో వేసుకుంది.

బుధవారం సాయంత్రం ఫోను వచ్చింది. బిలాస్‌పూర్ ఆస్పత్రి ఎదుట బూత్ నుంచి మహేశ్వరి. నాన్నకు బాగానే ఉందని చెప్పి, "టీసీ దొరికిందా?" అని అడిగింది.

"లేదే. బాబు సెలవులో ఉన్నాడు," అంది రజని.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. ముందుగా అనుకున్నది కాదు. నాలుక అనేసింది. ఫోను పెట్టేశాక రేపు చెప్దాం అనుకుంది. గురువారం మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి నాలుక తడబడలేదు. "ప్రిన్సిపాల్ సంతకం కాలేదంట. రేపు చూద్దాం."

"రేపు పక్కా అవుద్దా రజనీ? నాకు భయమేస్తాంది."

"నువ్వేం టెన్షన్ పడకు."

ఆ రెండు రోజులూ బ్యాగు ఎక్కడికెళ్ళినా వెంటే ఉంచుకుంది. వంటింట్లోకి కూడా తీసుకుపోయింది. బంగారమ్మ అడిగితే పరీక్ష పేపర్లున్నాయంది. తను ఏం చేయబోతోందో రజనికి స్పష్టంగా తెలియదు. చింపేయాలని లేదు. ఇవ్వాలని లేదు. శనివారం గడిచిపోతే బాగుండునని మాత్రం ఉంది. గడిచిపోతే ఎవరి తప్పూ కాకుండా పోతుంది. ఇద్దరూ మళ్ళీ పాతలాగే ఉంటారు. మహేశ్వరి ఏడుస్తుంది, తను వెళ్ళి ఓదారుస్తుంది. ఆ ఓదార్పు మాటలు కూడా మనసులో సిద్ధం చేసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం వాన. రజని మొదటి ఏడు పిల్లలకు ప్రాక్టికల్ చేయిస్తోంది. పరీక్ష నాళికలో నీలం ద్రావణం వేడెక్కి ఇటుక రంగులోకి మారుతుంటే పిల్లలు చుట్టూ మూగారు. తలుపు దగ్గర నీళ్ళు కారుతూ మహేశ్వరి నిలబడి ఉంది. రైలు దిగి తిన్నగా వచ్చినట్టుంది, భుజాన సంచీ కూడా ఉంది.

"రజనీ, కాగితం," అంది తెలుగులో.

గదిలో ఉన్న ముప్పై మందిలో ఒక్కరికీ తెలుగు రాదు.

"ఇప్పుడే ఇచ్చాడే బాబు, నీకే ఫోన్ చేద్దామని..."

"రిజిస్టర్ చూసొచ్చాను. మంగళవారం. నీ సంతకం." గొంతు పెంచలేదు. ఇద్దరు స్నేహితులు ఏదో ఇంటి సంగతి మాట్లాడుకుంటున్నారని పిల్లలు అనుకునేటట్టే మాట్లాడింది. "బ్యాగు ఎక్కడుంది?"

రజని బ్యాగు తెచ్చింది. పుస్తకం తీసింది. మహేశ్వరి కాగితం అందుకుని, పైట కొంగు లోపలి పొడి వైపున చుట్టుకుని, పిల్లల వైపు తిరిగి నవ్వింది.

"మీ మేడం నాకు చాలా పెద్ద పని చేసి పెట్టారు," అంది హిందీలో.

పిల్లలు రజని వైపు మెచ్చుకోలుగా చూశారు. తిట్టి ఉంటే, చెంప మీద కొట్టి ఉంటే రజని తట్టుకునేదేమో. ఆ మెచ్చుకోలు చూపులు తట్టుకోలేకపోయింది. పీరియడు అయిపోకుండానే పిల్లల్ని పంపేసి, స్టోరు గదిలో సీసాల మధ్య కూర్చుంది.

మహేశ్వరికి జగదల్‌పూర్‌లో సీటు వచ్చింది. వెళ్ళేటప్పుడు వరసలోని ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పింది, రజని ఇంటికీ వచ్చింది. బంగారమ్మ కాళ్ళకు దండం పెట్టింది. "ఎల్లొస్తాను," అని రజనితో అంది. జరిగినది ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి రజనికి రోజులు గడిచే కొద్దీ అర్థమైంది. అందుకు కృతజ్ఞత కలగాల్సింది. కోపం వచ్చింది. ర్యాంకులో నెగ్గింది చాలక మంచితనంలో కూడా నెగ్గాలా ఆ పిల్ల?

ఏడాది తిరిగింది. ఒకరోజు శేషమ్మ మొహం వేలాడేసుకుని వచ్చి బంగారమ్మ దగ్గర కూర్చుంది. "మాయమ్మి బయోకెమిస్ట్రో ఏటో, దాన్లో ఫెయిలయిపోనాదంట. రెండు నెల్లలో మల్లీ రాయాలంట. అదీ పోతే ఏడాది పోతాదంట."

ఆ పూట రజని రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నది. ఎన్నాళ్ళకో ఆకలేసింది. అనుకున్నదే కదా, మోల్ అంటే తెలియనిదానికి డాక్టరీ ఏమిటి అనుకుంది. పళ్ళెం కడుగుతుండగా ఒక్కసారి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆకలి తీరిన తృప్తి పోలేదు.

మూడు రోజుల తర్వాత మహేశ్వరి వచ్చింది. బక్కచిక్కిపోయింది. లావుపాటి పుస్తకం తెచ్చి రజని ముందు పెట్టింది.

"నాకు చెప్పు," అంది.

"నేనా?"

"ఇది నీ సబ్జెక్టే కదా. అక్కడ సార్లు చెప్పింది నాకెక్కలేదు. చిన్నప్పటి నుంచి నాకర్థమయ్యేటట్టు చెప్పింది నువ్వే."

రజని పుస్తకం దగ్గరికి లాక్కుంది. తర్వాత అడగకుండా ఉండలేకపోయింది. "ఆ రోజు నన్నేమీ అనలేదేం?"

"ఏ రోజు?" అని, తనే మళ్ళీ, "అందామనుకున్నాను. రిజిస్టర్ చూసి మీ ల్యాబుకొస్తూ అన్నీ తయారు చేసుకున్నాను. నిన్ను కాలనీలో తలెత్తుకోకుండా చెయ్యాలనుకున్నాను," అంది మహేశ్వరి. "అప్పుడనిపించింది, డాక్టరీలో నాకేదో ఒకటి అర్థం కాదు, పక్కా. అప్పుడు ఎవర్నడగాలి? తిట్టేస్తే మళ్ళీ నీ గుమ్మం ఎక్కలేను కదా. అందుకే నోరు మూసుకున్నాను. క్షమించానేటనుకోకు. నాకింకా కోపమే."

"అయితే ఎందుకొచ్చావు?"

"ఫెయిలయ్యాను గనక."

ఆ తర్వాత ఐదు వారాలు, వెంకటస్వామి షాపుకు వెళ్ళాక, రజనివాళ్ళ ముందు గదిలో ఇద్దరూ కూర్చునేవారు. రజని మొదట వడివడిగా చెప్పింది, తన తెలివి కనపడేటట్టు. ఎంజైముల పేర్లు పుస్తకం చూడకుండా వరసగా అప్పజెప్పింది. మహేశ్వరి నోట్సు రాసుకుంటూ ఒకచోట ఆగింది. శరీరంలోని అమ్మోనియా యూరియాగా మారే పాఠం అది.

"ఈ పని జరగకపోతే? అమ్మోనియా ఒంట్లోనే ఉండిపోతే మనిషికేటవుతాది?"

"విషం అవుతుంది. మెదడుకు చెడు," అంది రజని. ఆమె చదివిన నోట్సులో అంతవరకే ఉంది.

"పండరీలో ఒక ముసలాయన రక్తం తీసేదాన్ని. లివర్ పోయినాయన. ఒకరోజు నాతో బాగా మాట్లాడేవాడు, ఇంకో రోజు మనవరాలి పేరే మర్చిపోయేవాడు. చేతులిలా ముందుకు చాపితే రెక్కల్లా కొట్టుకునేవి. అదేనా ఇది?"

ఆ పాఠం ఉన్న పేపర్లో రజనికి ఎమ్మెస్సీలో ఎనభై ఎనిమిది మార్కులు వచ్చాయి. ఆ పాఠంలో ఒక ముసలాయన ఉన్నాడని మాత్రం ఎన్నడూ తోచలేదు. ఎదురుగా కూర్చున్న ఈ మొద్దు పిల్లకు తోచింది. మార్కుల మీద అసూయ అయితే మార్కులు చూపించి చల్లార్చుకోవచ్చు. ఈ అసూయకు చూపించడానికి రజని దగ్గర ఏమీ లేదు. అది పాతదానికంటే లోతుగా దిగింది.

అయినా చెప్పడం ఆపలేదు. చెబుతుంటే ఆమెకూ కొత్తగా అర్థమయ్యేది. మహేశ్వరి గట్టెక్కింది. ఆ తర్వాత కూడా అరకొర మార్కులతోనే, ఒక్కోసారి మళ్ళీ రాసి, డాక్టరైంది.

ఏళ్ళు గడిచాయి. రజనికి మందిర్ హసౌద్‌లో ప్రభుత్వ హయ్యర్ సెకండరీ స్కూల్లో బయాలజీ లెక్చరరుగా ఉద్యోగం వచ్చింది. సిల్తరా వైపు ఒక ఇనుము ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే యుగంధర్‌తో పెళ్ళయింది. ఒక కూతురు, లహరి. మహేశ్వరికి ధర్సీవా సర్కారు ఆస్పత్రిలో పోస్టింగు. కాలనీలో ఎవరికి జ్వరమొచ్చినా, "మన మహేశ్వరికి ఫోన్ చెయ్యి," అనేవారు. బంగారమ్మ కూడా అనేది. ఆ 'మన' అన్న మాట దగ్గర రజనికి ప్రతిసారీ చిన్న చురుకు తగిలేది. వెంకటస్వామి బీపీ మాత్రలు కూడా మహేశ్వరి చెప్పినవే. రజని కొని తెచ్చేది.

రెండు వేల పద్దెనిమిది చివర్లో, వయసు దాటినవాళ్ళు కూడా పీఎంటీ బదులొచ్చిన నీట్ రాయొచ్చని స్టాఫ్ రూములో ఎవరో పేపరు చూసి చెప్పారు. అందరూ నవ్వారు. రజని కూడా నవ్వింది. ఆ వారమే ఎవరికీ చెప్పకుండా ఫారం నింపింది. యుగంధర్‌కు నెల తర్వాత చెప్పింది. ఆయన "సరే, ఆదివారాలు లహరిని నేను చూసుకుంటాను," అన్నాడు. ముప్పై మూడేళ్ళ వయసులో పదకొండో తరగతి ఫిజిక్స్ పుస్తకం మళ్ళీ తెరిచింది.

మరుసటి ఏడు మే నెలలో ఒక ఆదివారం. పరీక్ష కేంద్రం గేటు ముందు పొట్టి చేతుల జాకెట్టు, రబ్బరు చెప్పులు, ముక్కుపుడక తీసేసిన బోసి మొహంతో వరసలో నిలబడింది. వెనక నుంచి ఎవరో పిలిచారు. ఆమె దగ్గరే చదివిన చాందిని.

"మేడం, మీ డ్యూటీ ఏ రూములో?" అని అడిగింది హిందీలో, సంతోషంగా.

రజని చేతిలోని అడ్మిట్ కార్డు తిప్పి చూపించింది. చాందిని చదివింది. "ఆల్ ది బెస్ట్, మేడం," అంది.

పదహారేళ్ళుగా రజని భయపడిన క్షణం అదే. వచ్చింది, అయిపోయింది. కాళ్ళు విరగలేదు. లోపలికి వెళ్ళి మూడు గంటలు రాసింది.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. నాలుగు వందల ముప్పై ఒకటి. సీటుకు చాలవు. చాందినికి ఐదు వందలు దాటాయి. మిఠాయి డబ్బాతో బడికి వచ్చి, స్టాఫ్ రూములో అందరి ముందూ, "మేడం, మీకెన్నొచ్చాయి?" అని అడిగింది. పాపం, మంచిదనుకునే అడిగింది. రజని అంకె చెప్పింది. ఎవరూ నవ్వలేదు. అయినా చాందిని పెట్టిన పేడా సగమే తిని, మిగతాది కాగితంలో చుట్టి పెట్టింది.

ఆ ఆదివారం రజని బస్సెక్కి ధర్సీవా వెళ్ళింది. ఆస్పత్రి వెనక క్వార్టరులో మహేశ్వరి స్టవ్ మీద టీ పెడుతోంది. అప్పటికే కాలనీ ద్వారా విన్నట్టుంది.

"నాకు చెప్పకుండా రాసావు," అంది.

"చెప్తే నువ్వు సాయం చేస్తానంటావు."

"అంటాను. అంటే ఏటి?"

"అదే నాకొద్దు."

మహేశ్వరి టీ గ్లాసులోకి వంపుతూ ఆమె వైపు చూసింది. "ఇంకా కుళ్ళేనా నా మీద?"

"ఇంకా కుళ్ళే," అంది రజని. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అనేశాక ఊపిరి తేలిగ్గా వచ్చింది. "పొద్దున్న లేస్తే నీ పేరు ఎవరో ఒకరు తలుస్తారు. మా అమ్మే తలుస్తాది. నాకు మండుతాది. ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేటే," అని మహేశ్వరి ఇంకేదో అనబోయేంతలో ఆయా పరిగెత్తుకొచ్చింది. నొప్పులతో ఒక ఆడమనిషిని తెచ్చారట, బిడ్డ అడ్డం తిరిగినట్టుందట. మహేశ్వరి గ్లాసు అక్కడే పెట్టేసి, తాళం ఎక్కడుందో చెప్పి, కొక్కేనికున్న తెల్లకోటు లాక్కుని నడుస్తూనే చేతులు దూర్చుకుంటూ వెళ్ళిపోయింది.

రజని కిటికీలోంచి చూసింది. ఆవరణలో ఎవరో అడ్డొచ్చి ఏదో అడుగుతుంటే మహేశ్వరి ఆగకుండానే జవాబు చెబుతోంది. ఆ నడక, ఆ తొందర, ఆ తలుపు తోసిన తీరు, అన్నీ కళ్ళార్పకుండా చూసింది. అవన్నీ తనకు కావాలి. ఇప్పటికీ కావాలి.

టీ తాగి, రెండు గ్లాసులూ కడిగి బోర్లించి, తాళం వేసి ఆయాకిచ్చి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని ఏ ప్రశ్నలు తప్పాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఫిజిక్స్‌లోనే ఎక్కువ పోయాయి.